మూగబొమ్మలకు మేడ కట్టిన రఘుపతి వెంకయ్య

తెలుగు చలనచిత్ర పితామహుడని పేరుగాంచిన శ్రీ రఘుపతి వెంకయ్య నాయుడు గారి జీవితంలో ఒక విచిత్రం ఉంది. ఆయన సంస్థ నిర్మించిన చిత్రాలలో ఒక్కటైనా తెలుగులో నోరు విప్పి పలుకలేదు. అవన్నీ మూకీలు. ఆయన కార్యక్షేత్రం బందరు కాదు, బెజవాడ కాదు, మద్రాసు నగరం. తొలినాళ్లలో ఆయన ప్రజలకు చూపిన బొమ్మలు ఐరోపా ఖండంలో తీసినవి. అయినప్పటికీ తెలుగువారు ఆయనను తమ సినిమాకు తండ్రిగా చెప్పుకుంటారు. చెప్పుకోవడం సబబే. కాని అందుకు చూపే కారణం మాత్రం సగమే సరియైనది. 1921లో భీష్మ ప్రతిజ్ఞ చిత్రాన్ని నిర్మించినందువల్ల ఆయన పూజ్యులని వ్రాసి ఊరుకుంటారు. అంతకు పదేళ్లకు ముందే ఆయన అంతకంటె పెద్ద పని చేశారు. చూసేవారే లేనిదే తీసేవారు పుట్టరు. ఆ చూసే జనాన్ని ఊరూరా తిరిగి కూడగట్టిన వ్యక్తి వెంకయ్య గారు.

ఈ సంగతి హోసూరు ప్రాంతపు పాఠకులకు మరింత సులభంగా బోధపడుతుంది. కెలవరపల్లి జలాశయం గట్టు మీద నిలిచి దక్షిణ పినాకినికి ఇటూ అటూ చూస్తే కనిపించేవి మూడు భాషలు కలగలిసిన పల్లెలు. బాగలూరు, బేరికె, డెంకణీకోట, తళి, ఎటు పోయినా ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, కచేరీలో మరొక భాష. టాకీలు వచ్చిన తరువాత ఏ భాష సినిమా ఆడించాలన్న ప్రశ్న ఇటువంటి సరిహద్దు ఊళ్లలో పుట్టింది. మూకీకి ఆ చిక్కు లేదు. దొంగ పరుగెత్తితే అందరికీ దొంగే. రైలు వస్తే అందరికీ రైలే. వెంకయ్య గారు పెట్టెల్లో పెట్టుకుని దేశాలు తిరిగిన బొమ్మలు అటువంటివి. ఆయన బతుకును ఆ వైపు నుంచి చూస్తేనే దాని విలువ తెలుస్తుంది.

వెంకయ్య గారు కృష్ణా మండలంలోని మచిలీపట్నంలో 1869 అక్టోబరు 15న జన్మించారు. కొన్ని పుస్తకాలలో ఆయన పుట్టిన సంవత్సరం 1887 అని కనిపిస్తుంది. అది పొసగదు. ఆయన కుమారుడు ప్రకాష్ 1901లో పుట్టాడు. 1887 అన్న లెక్క ప్రకారం పోతే తండ్రికి అప్పటికి పద్నాలుగేళ్లు! కనుక 1869నే ప్రమాణంగా తీసుకోవడం న్యాయం. లెక్కల పుస్తకం అక్కరలేని ఈ చిన్న కూడిక చేయకుండానే ఆ తప్పు ఒక పుస్తకం నుంచి మరొక పుస్తకానికి పాకుతూ వస్తున్నది.

బందరు అప్పటికే పాతపడిన రేవు. డచ్చివారు, ఆంగ్లేయులు వర్తకం చేసి వెళ్లిన ఊరు. చిత్రకళ మీద, శిల్పం మీద చేయి తిరిగిన యువకునికి అక్కడ బతుకుతెరువు తక్కువ. పదిహేడేళ్ల ప్రాయంలో, అనగా 1886 ప్రాంతంలో, వెంకయ్య గారు ఛాయాచిత్ర కళను చేపట్టి మద్రాసు చేరుకున్నారు. బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు ఏర్పడినది 1899లో. అంతకుముందు కోస్తా ప్రాంతం వారు రాజధానికి పోవాలంటే బకింగ్‌హాం కాలువలో పడవ ప్రయాణమో, సముద్రం మీద ఓడ ప్రయాణమో చేయవలసిందే. అట్టి రోజుల్లో ఒక పల్లపు ప్రాంతపు కుర్రవాడు దొరల దుకాణాలు బారులు తీరిన మౌంట్ రోడ్డులో స్వంత ఫోటో స్టూడియో నెలకొల్పగలిగాడంటే అతని పనితనాన్ని ఊహించుకోవచ్చు.

ఆనాటి ఫోటో తీయడం ఈనాటివలె మీట నొక్కడం కాదు. గాజు పలక మీద మందు పూసి, దానిని చీకటి పెట్టెలో పెట్టి, ఎండను తెరలతో అదుపు చేసి, ఎదుట కూర్చున్నవారిని కదలవద్దని బతిమాలి బొమ్మ దించవలసి ఉండేది. తరువాత చీకటిగదిలో రసాయనాలతో కడగడం, కాగితం మీద అచ్చువేయడం, అవసరమైతే కుంచెతో రంగులు దిద్దడం. వెలుతురు, గాజు, రసాయనం, ఓపిక, ఈ నాలుగింటినీ చేతిలో పెట్టుకున్నవాడే అప్పటి ఫోటోగ్రాఫర్. సినిమాకు కావలసినవి కూడా ఆ నాలుగే. భారతదేశంలో తొలి చలనచిత్రకారులలో పలువురు ఫోటో స్టూడియోల నుంచి రావడం అందుచేతనే. 1913లో రాజా హరిశ్చంద్ర తీసిన దాదాసాహెబ్ ఫాల్కే కూడా ఒకప్పుడు ఫోటోగ్రాఫరే. ఆయన 1870 ఏప్రిల్‌లో పుట్టారు. అనగా వెంకయ్య గారికంటె ఆరు మాసాలు చిన్న.

కదిలే బొమ్మలు 1895 డిసెంబరు 28న పారిస్ నగరంలో లూమియేర్ సోదరుల చేతుల మీదుగా రుసుము చెల్లించిన ప్రేక్షకుల ముందుకు వచ్చాయి. ఆరు నెలలు దాటగానే, 1896 జులై 7న, బొంబాయి వాట్సన్ హోటల్లో వాటి ప్రదర్శన జరిగింది. మరికొద్ది నెలలకు మద్రాసు కూడా వాటిని చూసింది. సెంట్రల్ స్టేషను పక్కన ఉన్న విక్టోరియా పబ్లిక్ హాలు అందుకు వేదిక. ఆ తొలి బొమ్మల నిడివి ఎంతో తెలిస్తే నేటి పిల్లలు నవ్వుతారు. లూమియేర్ వారి ఒక్కొక్క చుట్ట పదిహేడు మీటర్లు. తెర మీద యాభై సెకన్లు ఆడుతుంది. కార్మికులు ఫ్యాక్టరీ గేటు దాటి బయటకు రావడం, రైలు ప్లాట్‌ఫారానికి చేరడం, తోటమాలి నీటి గొట్టంతో తానే తడిసిపోవడం, ఇవే కథలు. కథ అనడం కూడా ఎక్కువే. బొమ్మ కదిలిందన్న ఆశ్చర్యమే అక్కడ కథ.

ఆ తరువాత పదేళ్లలో ఫ్రాన్సులో పాథే, గామాంట్ కంపెనీలు లఘుచిత్రాలను బట్టల తానుల్లా కోసి అమ్మే వ్యాపారంగా మార్చాయి. చిత్రం ఎన్ని అడుగులో కొలిచి ధర కట్టేవారు. మాంత్రికుడు మాయమవడం, పువ్వులో నుంచి కన్య లేవడం, సముద్రగర్భంలో ముత్యాలు ఏరడం వంటి ఇంద్రజాల దృశ్యాలకు గిరాకీ ఎక్కువ. కొన్నింటికి ఫిలిం ముక్క మీద అచ్చులు కత్తిరించి రంగులు అద్దేవారు. నలుపు తెలుపు కాలంలో రంగులు లేవని అనుకోవడం సరికాదు. బందరు కలంకారీ పనివాడు ఆ రంగుల అద్దకాన్ని చూసి ఉంటే తమ పనికి దూరపు చుట్టమని గుర్తుపట్టి ఉండేవాడు.

ఇట్టి చిత్రాలు మద్రాసుకు వచ్చి పోతూ ఉండగా, వెంకయ్య గారి దృష్టి క్రోనోమెగాఫోన్ అనే యంత్రం మీద పడింది. దీనిని గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. మూకీ యుగమంటే శబ్దమే లేదని అందరి నమ్మకం. కాని శబ్దంతో బొమ్మను జతచేయాలన్న ప్రయత్నం సినిమా పుట్టిన నాటి నుంచి ఉన్నదే. ఫ్రాన్సు దేశపు లియాన్ గామాంట్ 1902లో క్రోనోఫోన్ అనే సాధనాన్ని పారిస్‌లో ప్రదర్శించాడు. ముందుగా పాటను గ్రామఫోను పళ్లెం మీద ముద్రిస్తారు. తరువాత అదే పాట వినిపిస్తూ ఉండగా నటులు పెదవులు కదుపుతారు. దానిని కెమెరాతో పట్టుకుంటారు. ఇప్పటి సినిమా పాటల చిత్రీకరణ ఇదే పద్ధతి! ప్రదర్శించే సమయంలో ప్రొజెక్టరును, గ్రామఫోనును విద్యుత్తు మోటార్లతో ఒకే వేగానికి కట్టిపడేసి నడుపుతారు. పెద్ద హాలులో చివరి వరుస వారికి వినబడాలి గనుక సంపీడిత వాయువును శబ్దపు గొట్టంలోకి పంపి ధ్వనిని హెచ్చించే ఏర్పాటు చేశారు. ఆ హెచ్చించే ఏర్పాటు గలదే క్రోనోమెగాఫోన్. ఒక పళ్లెం ముగియగానే రెండవది అందుకొనేటట్లు రెండు పళ్లేల నమూనా కూడా వచ్చింది.

ఇంత చేసినా ఆ యంత్రానికి ఒక జబ్బు ఉండేది. ఫిలిం ఒకచోట తెగితే, తెగిన ముక్కను తీసివేసి అతికిస్తారు. పళ్లెం మీది పాట మాత్రం తెగదు. అంతటితో పెదవులకు, పాటకు ఎడబాటు మొదలవుతుంది. దానిని సరిదిద్దడానికి యంత్రం దగ్గర కూర్చున్న మనిషి చేయి, చెవి, కన్ను మూడూ మెలకువగా ఉండాలి.

ఆ యంత్రం ధర ముప్పయి వేల రూపాయలు. పదిహేను రూపాయల జీతంతో గుమాస్తాలు సంసారాలు ఈదుతున్న కాలమది. వెంకయ్య గారి వద్ద అంత రొక్కం లేదు. ఇరవయ్యేళ్లకు పైగా కష్టించి నిలబెట్టుకున్న ఫోటో స్టూడియోను తాకట్టు పెట్టి, 1910 ప్రాంతంలో ఆ యంత్రాన్ని సంపాదించారు. నలభై యేళ్లు దాటిన సంసారి, కుదురైన వృత్తి, నగరంలో మంచి పేరు ఉన్న మనిషి చేసే పని కాదది. మద్రాసు నగరంలో అప్పటికే సినిమాలు చూపుతున్నవారు లేకపోలేదు. కాని వారిలో అత్యధికులు ఐరోపావారు. నష్టం వస్తే ఓడ ఎక్కి వెళ్లిపోగలవారు. వెంకయ్య గారికి వెనక్కు పోవడానికి మిగిలింది బందరు ఒక్కటే.

విక్టోరియా పబ్లిక్ హాలులో ఆయన ప్రదర్శనలు మొదలయ్యాయి. పన్నెండు లఘుచిత్రాలు, ఒక్కొక్కటి సుమారు అయిదు వందల అడుగులు. ఆనాటి వేగంలో సెకనుకు ఒక అడుగు చొప్పున ఫిలిం కదులుతుంది గనుక ఒక్కొక్క చిత్రం ఎనిమిది నిమిషాలకు పైచిలుకు ఆడుతుంది. పన్నెండూ కలిపితే గంటన్నర దాటిన కార్యక్రమం. ఎస్ప్లనేడ్ ప్రాంతంలో డేరా వేసి కూడా చూపించారు. అక్కడ చూపిన వాటిలో పెర్ల్ ఫిష్, రాజాస్ కాస్కెట్ అనే రెండు పేర్లు చరిత్రకు అందాయి. రాజాస్ కాస్కెట్ అంటే రాజుగారి నగలపెట్టె. ఇది పాథే కంపెనీ 1906లో తీసిన రంగులద్దిన ఇంద్రజాల చిత్రం. ఐరోపావాడు ఊహించుకున్న హిందూదేశపు రాజు అందులో కనిపిస్తాడు. తమ రాజును తాము ఎన్నడూ చూడని వేషంలో చూసి మద్రాసు జనం ఏమనుకున్నారో గాని, చూడడానికి మాత్రం వచ్చారు.

తరువాత వెంకయ్య గారు యంత్రాన్ని, డేరాను మూటగట్టుకుని బయలుదేరారు. బెంగుళూరు, బెజవాడ మొదలైన దక్షిణాది పట్టణాలు తిరిగారు. సముద్రం దాటి సింహళానికి, బర్మాకు వెళ్లారు. ఈ యాత్రల రోజువారీ వివరాలు ఎవరూ వ్రాసి పెట్టలేదు. కాని ఆ కాలపు డేరా సినిమా ఎట్లా నడిచేదో తెలిసిందే. కరెంటు లేని ఊళ్లలో సున్నపు కడ్డీని ఆక్సిజన్ మంటలో తెల్లగా కాల్చి ఆ వెలుగుతో బొమ్మ వేసేవారు. ఫిలిం చుట్ట నైట్రేటు పదార్థంతో చేసినది. నిప్పురవ్వ తగిలితే భగ్గున లేస్తుంది. ప్రొజెక్టరు పిడిని చేత్తో తిప్పేవారు. తిప్పేవాని చేయి అలసితే తెర మీది గుర్రం కూడా అలసేది. ముందు వరుస నేల, వెనుక బెంచీ, ఇంకా వెనుక కుర్చీ. బొమ్మల నడుమ ఇంగ్లీషు అక్షరాలు వచ్చినప్పుడు చదువు వచ్చినవాడొకడు లేచి తనకు తోచిన భాషలో కథ చెప్పేవాడు.

బెంగుళూరు మన హోసూరుకు కూతవేటు దూరం. అక్కడి డేరాలో కన్నడిగుడు, తెలుగువాడు, తమిళుడు, దండు ప్రాంతపు సోల్జరు ఒకే చాప మీద, ఒకే బెంచీ మీద కూర్చుని చూడగలిగిన వినోదం అంతకుముందు లేదు. హరికథ వినాలంటే భాష రావాలి. వీధినాటకం చూడాలంటే పద్యం తెలియాలి. ఈ బొమ్మకు ఏదీ అక్కరలేదు. రంగూనులో అయితే ఓడరేవు కూలీలలో తెలుగువారిది పెద్ద సంఖ్య. బర్మీయులు, బెంగాలీలు, చీనావారు కలిసి బతికే ఆ నగరానికి మాటలు లేని బొమ్మకంటె తగిన వినోదం మరొకటి ఉండదు.

ఇదే కాలంలో ఇదే పని చేసిన మరొక వ్యక్తిని కూడా ఇక్కడ తలచుకోవాలి. కోయంబత్తూరుకు చెందిన సామికణ్ణు విన్సెంట్ తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగి. 1905లో డ్యుపాంట్ అనే ఫ్రెంచివాని వద్ద ప్రొజెక్టరును, ఫిలిములను కొని, ఉద్యోగం వదులుకుని డేరా సినిమాతో దేశమంతా తిరిగాడు. ఒకరు తమిళ క్రైస్తవుడు, ఒకరు బందరు తెలుగువారు. ఇద్దరూ భద్రమైన బతుకును పణంగా ఒడ్డినవారే. దక్షిణ దేశంలో సినిమా ఏ ఒక్క భాషవారి సొత్తుగానూ మొదలు కాలేదనడానికి ఈ జంట చాలు.

యాత్రలు కలిసివచ్చాయి. మద్రాసు తిరిగి వచ్చిన వెంకయ్య గారు డేరా విప్పి మేడ కట్టాలని నిశ్చయించారు. మౌంట్ రోడ్డు సమీపాన ఆయన నిర్మించిన గెయిటీ థియేటరు 1914 నాటికి వెలిసింది. అంతకు కొంచెం ముందు, 1913లో, వార్విక్ మేజర్ అనే ఆంగ్లేయుడు మౌంట్ రోడ్డులోనే ఎలక్ట్రిక్ థియేటరు నెలకొల్పాడు. అది రెండేళ్లకే మూతపడి తపాలా శాఖ చేతికి వెళ్లింది. గెయిటీ నిలిచింది. మద్రాసులో భారతీయుడు కట్టిన మొదటి సినిమాహాలు అదే. తరువాత మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ కట్టించారు. గ్లోబ్ ఆ తరువాత రాక్సీగా పేరు మార్చుకుని మద్రాసు తెలుగువారికి, తమిళులకు తరాలపాటు పరిచయమైన హాలు అయింది.

మూడు హాళ్లు మూడు తావులలో ఉండడం గమనించదగిన విషయం. మౌంట్ రోడ్డు దొరలు, ఆంగ్లో ఇండియన్లు, చదువుకున్నవారు తిరిగే చోటు. మింట్ వీధి నల్ల పట్నం అని దొరలు పిలిచిన జార్జిటౌను భాగం. అక్కడ గుజరాతీ, తెలుగు వర్తకులు, కూలీలు. పురసవాక్కం సంసారుల పేట. అప్పటివరకు సినిమా మద్రాసుకు వచ్చిపోయే అతిథి. ఈ మూడు హాళ్లతో అది ఆ ఊరి కాపురస్థురాలయింది. ఆరోజు పోతే మరునాడు కూడా ఉంటుందన్న నమ్మకం జనానికి కలిగింది. వారం వారం కొత్త బొమ్మ కావాలి. అందుకోసం అమెరికా దేశపు సీరియల్ చిత్రాలు వచ్చాయి. కథను భాగాలుగా కోసి, నాయిక కొండ అంచున వేలాడుతుండగా ఆపి, మిగిలినది వచ్చే వారమని చెప్పే పద్ధతి అవి తెచ్చినదే. లఘుచిత్రాల కాలం అట్లా మెల్లగా ముగిసి నిడివిగల కథాచిత్రాల కాలం ప్రవేశించింది.

ఇక్కడితో ఆగి ఉంటే వెంకయ్య గారు ధనికులుగా జీవితం ముగించి ఉండేవారు. ఆయన ఆగలేదు.

చూపడం తెలిసినవాడికి తీయాలన్న కోరిక సహజం. అప్పటికే మద్రాసులో ఆర్. నటరాజ మొదలియార్ అనే మోటారు విడిభాగాల వర్తకుడు కీచక వధం అనే చిత్రాన్ని నిర్మించి దక్షిణాదిన తొలి కథాచిత్ర నిర్మాతగా నిలిచారు. వెంకయ్య గారు తాను కెమెరా పట్టక, కుమారుడు రఘుపతి సూర్య ప్రకాష్‌ను విదేశాలకు పంపారు. ఇరవయ్యేళ్ల ప్రాయపు ఆ యువకుడు లండనులో బార్కర్ స్టూడియోలో పని నేర్చుకుని, జర్మనీ, అమెరికా దేశాల చిత్రనిర్మాణాన్ని కూడా చూసి వచ్చాడు. సముద్రం దాటడమే తప్పని కులపెద్దలు అనే కాలంలో, బారిస్టరు చదువుకు కాక బొమ్మలు తీయడం నేర్చుకోవడానికి కొడుకును ఓడ ఎక్కించిన తండ్రి ఆయన. తొలి తాకట్టు యంత్రం కోసం. రెండవ పందెం కొడుకు మీద.

1921లో మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే నిర్మాణసంస్థ వెలసింది. దానికి అనుబంధంగా గాజు పైకప్పుతో స్టూడియో కట్టారు. చిత్రీకరణకు కావలసిన వెలుగు సూర్యుడే ఇవ్వాలి. ఎండ లోపలికి రావాలి, వాన రాకూడదు. ఫోటో స్టూడియోలో నేర్చిన పాఠాన్నే పెద్దది చేసిన కట్టడం అది. మధుర మీనాక్షి ఆలయంలో మీనాక్షి కల్యాణం తీయాలని తొలుత ప్రయత్నించారు. కెమెరా లోపం వల్ల ఆ శ్రమ ఫలించలేదు. తరువాత ప్రకాష్ దర్శకత్వంలో భీష్మ ప్రతిజ్ఞ తయారైంది. భీష్ముడు ప్రకాషే. గంగాదేవి పాత్రను పెగీ కాస్టెల్లో అనే యువతి ధరించింది. మన కులస్త్రీలు కెమెరా ముందుకు రావడానికి సమ్మతించని ఆ రోజుల్లో దేశమంతటా పురాణ నాయికలు చాలావరకు ఆంగ్లో ఇండియన్, యూదు యువతులే. మూకీ గనుక భాష అడ్డు కాలేదు. తెర మీద గంగ ఏ యాసలో మాట్లాడినదో ఎవరికి తెలుసు!

తండ్రి సుఖం కోసం రాజ్యాన్ని వదులుకున్న కొడుకు కథ భీష్మ ప్రతిజ్ఞ. తెర వెనుక నడిచినది దానికి తలకిందులు. కొడుకు విద్య కోసం, ఆశయం కోసం తండ్రి తన ఆస్తిని ఒడ్డాడు.

గజేంద్ర మోక్షం, మత్స్యావతారం, నందనార్ వంటి మరికొన్ని చిత్రాలు ఆ సంస్థ నుంచి వచ్చాయి. అన్నీ జనం ఎరిగిన కథలే. చదువు రానివాడికి కూడా మొసలి ఏనుగు కాలు పట్టగానే తరువాత వచ్చేది విష్ణువని తెలుసు. మాటలు లేని చిత్రానికి పురాణాన్ని మించిన సంభాషణ రచయిత లేడు. కాని చిత్రనిర్మాణం థియేటరు నడపడం వంటిది కాదు. థియేటరులో ఒక బొమ్మ ఆడకపోతే వారం తిరగగానే మరొక బొమ్మ వేయవచ్చు. నిర్మాతకు ఆ వెసులుబాటు లేదు. ఒక్కొక్క చిత్రం మీద పెట్టిన పెట్టుబడి ఆ చిత్రమే తేవాలి. బొంబాయి, కలకత్తాలలో కంపెనీలు ఒకదాని వెంట ఒకటి చిత్రాలు దించుతూ దేశమంతా పంచుతుండగా, మద్రాసు సంస్థకు అంత సత్తువ లేకపోయింది. కొద్ది సంవత్సరాలకే స్టార్ ఆఫ్ ది ఈస్ట్ మూతపడింది. తిరిగి సంపాదించుకునే వయసు వెంకయ్య గారిది కాదు.

అయితే ఆ గాజుల మేడలో నేర్చుకున్నవారు వెళ్లి చేసిన పనులు చూస్తే ఆ పెట్టుబడి వృథా అనడానికి నోరు రాదు. కాకినాడకు చెందిన సి. పుల్లయ్య అక్కడ పని నేర్చి, స్వంత ఊరికి వెళ్లి మార్కండేయ కథను మూకీగా తీసి, తరువాత డేరా సినిమాతో ఊళ్లు తిరిగి, 1934లో లవకుశను టాకీగా ఇచ్చారు. తెలుగు పల్లెజనాన్ని బళ్లు కట్టుకుని సినిమాకు రప్పించిన చిత్రమది. ప్రకాష్ ఎ. నారాయణన్ గారి జనరల్ పిక్చర్స్ కార్పొరేషన్‌లోనూ పనిచేశారు. 1929లో మొదలైన ఆ సంస్థ మూకీలలో రాణించిన నెల్లూరు వాసి వై.వి. రావు 1934లో సతీ సులోచన అనే చిత్రానికి దర్శకత్వం వహించారు. అదే తొలి కన్నడ టాకీ! ఆయనే 1937లో తమిళ చింతామణి తీసి మద్రాసు రాష్ట్రాన్ని ఊపివేశారు. కన్నడ టాకీకి తెలుగువాడు దర్శకుడు కావడం బెంగుళూరులో ఇప్పుడు వింతగా తోచవచ్చు గాని, బాగలూరు సంతలో నిలబడి వింటే అందులో వింత ఏమీ లేదు.

మాటలు రావడంతో బొమ్మలకు భాష వచ్చింది, భాషతోపాటు ఎల్లలు వచ్చాయి. ఆ మార్పు ఒక్క రోజులో జరగలేదు. 1931 అక్టోబరులో విడుదలైన కాళిదాసు చిత్రంలో నాయిక తమిళం, నాయకుడు తెలుగు మాట్లాడారు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. తెర మీద ఒకరు ఒక భాషలో అడిగితే మరొకరు మరొక భాషలో జవాబు చెప్పడాన్ని నగరపు విమర్శకులు తప్పుపట్టవచ్చు. హోసూరు ప్రాంతపు ఇళ్లలో అది నిత్యవ్యవహారం. అదే రెడ్డి గారి భక్త ప్రహ్లాద పూర్తి తెలుగులో 1932 ఫిబ్రవరి 6న విడుదలయింది. 1931 సెప్టెంబరు అని చాలాకాలం చెప్పుకున్నారు గాని, సెన్సారు పత్రం తేదీ బయటపడిన తరువాత ఆ లెక్క మారింది. అక్కడి నుంచి తెలుగు సినిమా, తమిళ సినిమా, కన్నడ సినిమా అని వేరు వేరు చరిత్రలు వ్రాయడం మొదలయింది. వెంకయ్య గారు ఆ విభజనకు ముందటి మనిషి.

సినిమాను పెద్దలు చాలామంది చిన్నచూపు చూసిన కాలమది. హోసూరు పక్కనే తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీకి సినిమా అంటే ఎంత విముఖతో అందరికీ తెలుసు. ఆయన ప్రధానిగా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన కాలంలోనే, 1939లో, వినోదపు పన్ను చట్టం వచ్చింది. చదువుకున్నవారు పరువు తక్కువ అనుకునే వృత్తిలో, ముప్పయి యేళ్లపాటు పేరు చెడకుండా నిలవడం వెంకయ్య గారికి సులభమై ఉండదు.

ఆయన 1941 మార్చి 15న కన్నుమూశారు. ప్రకాష్ అప్పటికి టాకీల దర్శకుడు. 1940లో మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిస్టర్ పార్వతీశాన్ని తెరకెక్కించినది ఆయనే. మొగల్తూరు నుంచి ఓడెక్కి సీమకు పోయిన ఆ అమాయకపు కుర్రవాని కథను, తానూ ఇరవయ్యేళ్లకు ఓడెక్కిన దర్శకుడు తీయడం యాదృచ్ఛికమే కావచ్చు. ప్రకాష్ 1956లో మరణించారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో రఘుపతి వెంకయ్య పేరిట పురస్కారాన్ని నెలకొల్పింది. సినిమా రంగంలో జీవితకాలపు కృషికి ఇచ్చే ఆ గౌరవాన్ని మొదట అందుకున్నది ఎల్.వి. ప్రసాద్. 2019లో ఆయన జీవితం మీద నరేష్ నాయకుడుగా ఒక చిత్రం కూడా వచ్చింది. హైదరాబాదు ఫిలింనగర్‌లో విగ్రహం ఉంది. ఆయన పుట్టని, ఆయన పనిచేయని నగరమది. మద్రాసులో ఆయన కట్టించిన గెయిటీని కూల్చివేశారు. నైట్రేటు ఫిలిం దానంతట అదే పొడిగా రాలిపోయే పదార్థం గనుక, స్టార్ ఆఫ్ ది ఈస్ట్ చిత్రాలు మిగలలేదు. దక్షిణాదిన తీసిన మూకీలలో దాదాపు అన్నిటి గతీ అంతే. తిరువాన్కూరు కథతో తీసిన మార్తాండ వర్మ ఒక్కటి పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారంలో భద్రంగా ఉంది. విక్టోరియా పబ్లిక్ హాలు మాత్రం సెంట్రల్ స్టేషను పక్కన ఇప్పటికీ ఎర్రటి గోడలతో నిలిచి ఉంది. హోసూరు వైపు నుంచి రైలులో మద్రాసు వెళ్లేవారు స్టేషను దిగి బయటకు రాగానే దానిని చూడవచ్చు.